కోళ్లున్నాయేమో చూసి రమ్మన్నాను

పదేళ్లు దాటింది, ఒక మాట నా గొంతులో అడ్డం పడి. మింగలేదు, కక్కలేదు. దాని పక్కనే ఇంకో మాట, నేను కల్పించి చెప్పింది, ఏటికేడు లావెక్కుతూ వచ్చింది. మొదటిది నేను చేసిన తప్పు. రెండోది ఆ తప్పు మీద కప్పిన దుప్పటి. ఇప్పుడు రెంటిలో ఏది ఎక్కువ బరువో నాకే తెలియడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పాలంటే ముందు వాళ్ల ముఖం చూస్తాను, ఈ సంగతి ఎవరి దగ్గరికి మోస్తారో అని ఆలోచిస్తాను. నా స్వభావమే అంత. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఏం కావాలో అనుకుంటాను. పొగిడితే ఎసరు ఎక్కడ పెడుతున్నారో అని చూస్తాను. 'దేవుడు నీకు కండ్లిచ్చిండు గని నమ్మకం ఇయ్యలేదే' అనేది మా అమ్మ. మీ మీదా అనుమానమే. ఇదంతా చదివి చివర్లో 'పాపం' అంటారేమోనని. అనకండి.

తొంభైల చివర్లో నేను శామీర్‌పేట దగ్గర ఒక కోడిపిల్లల హేచరీలో ఆడవాళ్ల సూపర్‌వైజర్‌ని. గుడ్లను మిషన్లలో పొదిగించి, పిల్లలు బయటికి రాగానే ఏరి, టీకా వేసి, అట్టపెట్టెల్లో సర్ది ఫారాలకు పంపే చోటు అది. అక్కడ అందరికీ ఉన్న భయం ఒక్కటే, రోగం. బయటి కోడి ఈక ఒకటి చెప్పుకు అంటుకుని లోపలికి వచ్చినా కొక్కెర తెగులు పాకుతుందని, పాకితే ఒక్క పిల్ల కూడా మిగలదని మాకు నూరిపోశారు. అందుకే రెండు కట్టుబాట్లు. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ, ఓనరు సారైనా సరే, గేటు పక్క గదుల్లో తలస్నానం చేసి కంపెనీ బట్టలు వేసుకోవాలి. ఇక పనివాళ్లు ఉండే ఇంట్లో ఒక్క కోడి కూడా ఉండకూడదు. పెరట్లో నాటుకోడి ఉందని తెలిస్తే ఆ రోజుతో పని పోయినట్టే.

ఆడవాళ్ల స్నానాల గదుల దగ్గర నిలబడేది నేను. గోళ్లు చూడాలి, పుండ్లు చూడాలి, తల తడిసిందో లేదో తాకి చూడాలి. అంటే అనుమానించడమే నా ఉద్యోగం. నాకు అంతగా నప్పిన పని ఇంకొకటి దొరికేది కాదు.

బాలమణి అత్వెల్లి నుంచి కంపెనీ వ్యాన్‌లో వచ్చేది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. టీకాలు వేసే బల్ల దగ్గర ఆమె ఉంటే నవ్వులే నవ్వులు. పక్కవాళ్లను ఆటపట్టించేది, పాటలు కట్టేది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని ఎలా నడుస్తానో నడిచి చూపించేదని కూడా నాకు తెలుసు. ఒకసారి తలుపు సందులోంచి చూశాను. బాగానే చేసింది, అచ్చం నాలాగే ఉంది.

ఆమె భర్త యాదగిరి మేడ్చల్‌లో బోరు మోటార్లు బాగుచేసేవాడు. మా హేచరీ మోటారు కాలితే అతనే వచ్చేవాడు. తాగుడు లేదు, బీడీ అయినా ముట్టడు. తల దించుకుని 'నమస్తే మేడం' అనేవాడు, పని అయ్యాక నేల మీద పడిన నూనె మరకలు కూడా తుడిచి వెళ్లేవాడు. ఎవర్నీ నమ్మనని చెప్పుకుంటున్నాను కదా? అతన్ని నమ్మాను. మర్యాదగా మాట్లాడే మగవాడు ఎదురుపడితే నా అనుమానమంతా ఎక్కడికి పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ ఎండాకాలం బాలమణి మారింది. పాట ఆగిపోయింది. స్నానానికి అందరికంటే ఆఖరున వెళ్లేది. కంపెనీ చొక్కా పొట్టి చేతులది. దాని లోపల తన పొడుగు చేతుల రవికె వేసుకోవచ్చా అని అడిగింది. బయటి గుడ్డ లోపలికి రావడానికి వీల్లేదన్నాను. ఆ రోజే ఆమె మోచేతి కింద గీతలు కనిపించాయి, సన్నగా, ఎర్రగా. కోడి గీకింది అనుకున్నాను. గుడ్లు పొదుగుతున్న పెట్టను లేపబోతే సరిగ్గా అలాగే గీకుతుంది.

ఒకసారి అలా అనుకున్నాక ఇక ప్రతిదీ దానికే అతికింది. ఆలస్యంగా వచ్చిందా, కోళ్లకు గింజలు వేసి వచ్చింది. ఒంటరిగా స్నానం చేస్తోందా, ఈకలు దులుపుకోవడానికి. మాట తగ్గిందా, దొరికిపోతానన్న భయం. నాతో కళ్లు కలపడం లేదా, ఇంకేం కావాలి?

ఒక పొద్దున ఆమె నా దగ్గరికి వచ్చింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, 'అక్కా, రేపటి సంది నేను అలియాబాద్ కాడ వ్యాన్ ఎక్కుత. ఒక అవ్వ ఇంట్ల అర్ర తీసుకున్న. ఎవ్వలకు చెప్పకే' అంది. ఎప్పుడూ మేడం అనే మనిషి అక్కా అంది. ఆ పిలుపులో కూడా నాకు ఏదో ఎత్తే కనిపించింది. ఎందుకు మారుతున్నావంటే 'ఊకెనే' అంది. ఊకెనే ఇల్లు ఎవరైనా మారుస్తారా? సరేనన్నాను. ఆ మర్నాడే వ్యాన్ డ్రైవర్ని అడిగి ఆమె ఏ ఇంటి ముందు నిలబడుతోందో కనుక్కున్నాను.

ఇక్కడ ఒక మాట దాచితే ఈ రాత కూడా దుప్పటే అవుతుంది. నేను చూసింది గీతలు మాత్రమే కాదు. ఆమె భుజం మీద కమిలిన మచ్చలు చూశాను. వరసగా ఉన్నాయి, వేళ్లు పడ్డట్టు. ట్రే అంచు తగిలి ఉంటుంది అనుకున్నాను. అనుకున్నానా, అలా అనుకుంటే సరిపోతుందని అనుకున్నానా? మగవాడి చెయ్యి పడితే ఒళ్లు ఎలా కములుతుందో నాకు తెలియదా? మా బాపు చెయ్యి మా అమ్మ మీద పడటం చూస్తూ పెరిగినదాన్ని. మరి కోడి వైపే ఎందుకు చూశాను? కోడి ఉంటే ఏం చేయాలో నాకు తెలుసు. పట్టుకోవాలి, సారుకు చెప్పాలి, భేష్ అనిపించుకోవాలి. దెబ్బలుంటే ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు. కోడి అయితే తప్పు ఆమెది. దెబ్బలైతే నేనేదో ఒకటి చేయాల్సి వచ్చేది. ఇది సగం. మిగతా సగం ఇంకా చెడ్డది. ఆమె నా నడక నడిచి చూపించడం నేను మర్చిపోలేదు.

కొన్నాళ్లకు మధ్యాహ్నం పూట యాదగిరి గేటు దగ్గరికి వచ్చాడు. బాలమణి లోపల టీకాల దగ్గర ఉంది. నేను బయటికి వెళ్లాను.

"నమస్తే మేడం. బాలమణి డ్యూటీకి వస్తాందా?"

"వస్తాంది. ఎందుకు?"

"ఏం లేదు మేడం. జర కోపంల ఉన్నది, ఇంటికి వస్తలేదు. యాడుంటుందో ఏమోనని పరేషాన్ అయితున్న."

నాకు అతని పరేషాన్ పట్టలేదు. నా గొడవ నాది.

"మీ ఇంట్ల కోళ్లున్నయా?" అన్నాను.

అతను తలెత్తి చూశాడు. అప్పటిదాకా ఎప్పుడూ నన్ను అలా సూటిగా చూడలేదు. ఒక్కో మాటా చూసుకుని పలికాడు.

"మా ఇంట్ల లెవ్వు మేడం. మీ రూలు నాకెరుకే గద. ఇంక యాడనన్న పెంచుతాందా ఏంది?"

"గదే నా అనుమానం."

"యాడుందో తెలిస్తే నేనే పొయి చూసొస్త మేడం. మీ కంపెనీకి ఖరాబు కావద్దు."

"అలియాబాద్‌ల ఉన్నది. రోడ్డు మీద చాయ్ హోటల్ లేదా, దాని ఎనుక రేకుల ఇల్లు. ఒక అవ్వ ఉంటది. పొయి కోళ్లున్నయేమో చూసిరా."

"మంచిది మేడం" అని రెండు చేతులూ జోడించాడు.

అంతే జరిగింది. ఇంతకుమించి నేనేమీ చేయలేదు. వ్యాన్ వెనకాల స్కూటర్ వేసుకుని పోయినా అతనికి తెలిసేది కదా అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. తెలిసేదేమో. కానీ అతను అలా తెలుసుకోలేదు. నేను చెప్పాను. పైగా పని అప్పగించి పంపాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన తల. "ఉన్నయి మేడం. పెట్టలున్నయి, ఒక పుంజు గుడ ఉన్నది" అన్నాడు. నేను చాలా సంతోషపడ్డాను. నా అనుమానం నిజమైతే నాకు ఎప్పుడూ అలాగే ఉంటుంది. "థాంక్స్ యాదగిరి" అన్నాను. ఆ రోజు బాలమణి పనికి రాలేదు. భయపడి రాలేదనుకున్నాను. సారుకు చెప్పి ఆమెను పనిలోంచి తీసేయించాను. సారు భేష్ అన్నారు.

వారం పోయాక ఆమె గేటు దగ్గరికి వచ్చింది. కుడి చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా పట్టీ. కింది పెదవి చిట్లి ఎండిపోయి ఉంది. "మేడం, అవి అవ్వ కోళ్లు. నేను ముట్టనన్న ముట్టలే" అంది. రూలు రూలేనన్నాను. చేతికి ఏమైందని అడగలేదు. ఆమె చెప్పలేదు. కాసేపు నన్నే చూసి, "సరే మేడం" అని వెళ్లిపోయింది. అక్కా అనలేదు.

తన ఆచూకీ ఎవరు చెప్పారని ఆమె నన్ను అడగలేదు. ఎందుకు అడగలేదు? తెలియకనా? తెలిసేనా? ఆ ఇల్లు ఎక్కడుందో వ్యాన్ డ్రైవర్‌కు తెలుసు, నాకు తెలుసు. తెలిసి కూడా పని కోసం నోరు మూసుకుని నిలబడిందా? అలాగైతే ఆమె ఎంత మింగుకుని నా ముందు ఆ కోళ్ల మాట మాట్లాడి ఉండాలి! తర్వాత ఆమె ఏమైందో నాకు తెలియదు. అత్వెల్లికే తిరిగి వెళ్లిందని ఒకరన్నారు, గజ్వేల్ వైపు తల్లిగారింటికి పోయిందని ఇంకొకరన్నారు. నేను వెతకలేదు. వెతికితే దొరుకుతుందేమోనని భయం.

ఇక దుప్పటి సంగతి.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల కోసం కొత్త చట్టం వచ్చింది. అప్పటికి నేను ఆఫీసులో కుర్చీ ఉన్న మనిషిని. సిటీ నుంచి ఒక మేడం వచ్చి మేడ్చల్ చుట్టుపక్కల కంపెనీల ఓనర్లకు, సూపర్‌వైజర్లకు ఒక రోజు శిక్షణ ఇచ్చారు. పనిచేసే ఆడమనిషి ఇంట్లో హింస పడుతుంటే ఎలా గుర్తుపట్టాలి, ఏం చేయాలి అని. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, గొంతు పెంచకుండా మాట్లాడేవారు ఆవిడ. ఎండాకాలంలో పొడుగు చేతుల జాకెట్ వేసుకుంటే చూడండి. నవ్వే మనిషి నవ్వడం మానేస్తే చూడండి. వ్యాన్ ఎక్కే చోటు మార్చమంటే ఊరికే కాదని తెలుసుకోండి. పక్కకు పిలిచి, నిందించకుండా అడగండి. చెప్పకపోతే బలవంతపెట్టకండి. కావాలంటే టైములు మార్చండి, తోడు పంపండి. భర్త గేటు దగ్గరికి వస్తే ఆమె ఎక్కడుందో, ఏ షిఫ్టో చెప్పకండి. ఎంత మంచివాడిలా కనిపించినా చెప్పకండి.

ఆవిడ చెబుతున్నది బాలమణి గురించే. ఎవరో ఈవిడకు మోసేశారు అనుకున్నాను. డ్రైవరా? అప్పటి ఆడవాళ్లలో ఎవరైనానా? ఆవిడ అందరి వైపూ చూసినట్టే నా వైపూ చూశారు. కానీ నాకు మాత్రం, ఇక పేరు పెట్టి లేపుతుంది, అందరి ముందు అడుగుతుంది అనిపించింది. అలా అడిగేలోపు నేనే ముందు చెప్పేస్తే? ఆ భయంలో లేచి నిలబడ్డాను. నిలబడ్డాక నోటి నుంచి వచ్చింది వేరే కథ.

మా దగ్గర ఒక అమ్మాయి ఉండేదన్నాను. మచ్చలు చూసి పక్కకు పిలిచి అడిగానన్నాను. ఆమె ఏడ్చి అంతా చెప్పిందన్నాను. భర్తను గేటు దగ్గరికి పిలిపించి, 'మళ్లీ చెయ్యి లేపినవంటే బాగుండదు బిడ్డా' అని బెదిరించానన్నాను. అతను రెండు చేతులూ జోడించి తప్పు ఒప్పుకున్నాడన్నాను. ఆ జోడించిన చేతులొక్కటే నిజం. వాటిని ఎక్కడినుంచి తెచ్చానో మీకు ఇప్పుడు తెలుసు.

చప్పట్లు కొట్టారు. సిటీ మేడం మాత్రం కొట్టలేదు. "ఆమె ఒప్పుకున్నాకే భర్తతో మాట్లాడారా?" అని అడిగారు. అవునన్నాను. "మీ అదృష్టం బాగుంది. కానీ అందరూ ఇలా చేయకండి. భర్తను నిలదీస్తే ఆ కోపం ఇంటికెళ్లాక ఆమె మీదే తీరుతుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నన్ను అనుమానిస్తోంది అనుకున్నాను. అనుమానించడం నాకే సొంతమైనట్టు.

మా సారుకు నా కథ తెగ నచ్చింది. పోలీసుల ఊసు లేదు, కాగితాల గొడవ లేదు, ఇంటి ముచ్చట గేటు దగ్గరే తీరిపోయింది. చుట్టుపక్కల యూనిట్ల ఓనర్లందరూ సారుకు చుట్టాలో, దోస్తులో. "మా మేడంను పంపుత, జర మీ ఆడోళ్లకు చెప్తది" అనేవారు. ఆ సిటీ మేడం మళ్లీ రాలేదు, ఆవిడ బదులు నేను వెళ్లాను. ఆవిడ చెప్పినవన్నీ వల్లించేదాన్ని. చివర్లో నా కథ. అప్పటిదాకా కునికిపాట్లు పడేవాళ్లు కూడా కథ దగ్గర లేచి కూర్చునేవాళ్లు. చెప్పిన ప్రతిసారీ దానికి ఒక కొత్త చిగురు వేసేది. బాలమణి ఇప్పుడు పిల్లలను చదివించుకుంటోందని చేర్చాను. యాదగిరి కనిపించినప్పుడల్లా నా కాళ్లకు దండం పెడతాడని చేర్చాను. నిజం చెప్పనా? కొన్నిసార్లు నేనే నమ్మాను. ఎవర్నీ నమ్మని నేను, నా అబద్ధాన్ని నమ్మాను.

దేవరయాంజాల్‌లో విత్తనాల ప్యాకింగ్ యూనిట్ ఒకటి ఉంది. అక్కడ సూపర్‌వైజర్ స్వరూప. చిన్నపిల్ల, కొత్తగా పెళ్లయింది. నేను మాట్లాడిన రోజు ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకు వచ్చి, నా కుర్చీ పక్కన నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

వాళ్ల యూనిట్లో ఒక అమ్మాయి ఒంటి మీద మచ్చలు చూసిందట. పక్కకు పిలిచి అడిగిందట, ఆ అమ్మాయి చెప్పిందట. అంతవరకూ శిక్షణలో చెప్పినట్టే చేసింది. ఆ తర్వాత నా కథ గుర్తొచ్చింది. భర్తను గేటు దగ్గరికి పిలిపించింది.

"మీరు చెప్పినట్టే చెప్పిన మేడం. మళ్లీ చెయ్యి లేపితే బాగుండదన్న. ఆయన గుడ చేతులు జోడించిండు. ఇంటికి పోయినంక దవడ ఇరగ్గొట్టిండు. పిల్ల దవాఖానల ఉన్నది, మాట వస్తలేదు." నా బల్ల అంచు పట్టుకుంది. "మీరు ఏం మాటలు అన్నరు మేడం ఆయనతోని? నేను యాడ తప్పు చేసిన?"

అది నేను చెప్పాల్సిన ఘడియ. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. ఒక్క మాట చాలు, నేను చెప్పింది అబద్ధం బిడ్డా అని. మరి నేనేం చేశానో తెలుసా? ముందు వాకిలి వైపు చూశాను, ఎవరైనా వింటున్నారేమోనని. తర్వాత, ఈమెను సారే పంపి నన్ను పరీక్షిస్తున్నాడేమో అనుకున్నాను. ఆ తర్వాత అన్నాను.

"నువ్వు జర గట్టిగ మాట్లాడి ఉంటవ్ స్వరూపా. మగోళ్లతోని నెమ్మదిగ చెప్పాలె."

ఆ పిల్ల తలూపింది. నమ్మింది. "అవు మేడం, జర గట్టిగనే అన్న" అని వెళ్లిపోయింది. ఆ దవడ బరువు కూడా తన మీదే వేసుకుని వెళ్లింది. నేను వేశాను.

అప్పటినుంచి ఏ ముద్ద తిన్నా దవడ కదలడం తెలుస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను. పశ్చాత్తాపమా? ఆ మాట మీద కూడా నాకు నమ్మకం లేదు. నా కథ ఇంకెవరికైనా ఎక్కి, ఇంకో గేటు దగ్గర ఇంకో మగవాడు చేతులు జోడిస్తాడేమోనని భయమా? అదీ ఉంది. లేకపోతే స్వరూప ఎప్పటికైనా ఆరా తీసి తెలుసుకుంటుందని, ముందే చెప్పేస్తే మేలని, ఆ రోజు శిక్షణలో లేచి నిలబడ్డ పాత బుద్ధేనా ఇది? కావచ్చు. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సినవాళ్లలో ఒకరు ఎక్కడున్నారో నాకు తెలియదు, ఒకరికి మాట రావడం లేదు, ఇంకొకరు తనదే తప్పనుకుంటున్నారు.

ఆ పిల్ల అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ పెడుతున్నాను. నేను యాదగిరితో అన్న మాటలు ఇవి, స్వరూపా. "అలియాబాద్‌ల ఉన్నది. పొయి కోళ్లున్నయేమో చూసిరా."

నేను కూడా నెమ్మదిగానే చెప్పాను.

రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. ఎల్లుండి మేడ్చల్‌లో ఇంకో కంపెనీకి రమ్మన్నారు. ఫోన్లో ఆ సారు, 'గా గేటు కాడి కథ తప్పకుండ చెప్పాలె మేడం' అన్నారు. చెప్తానన్నాను. ఏ కథ అని ఆయన అడగలేదు.